స్పానిష్‌లో ఫోన్ రిపేరు: మాద్రిద్ వెళ్లే చిన్నాకి

చిన్నా,

మాద్రిద్‌లో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషంరా. ఫోన్, కంప్యూటర్ సామాన్ల పేర్లు స్పానిష్‌లో బట్టీ పడుతున్నావట. నేనూ అదే చేసి వెళ్లాను, అందుకే ఈ ఉత్తరం.

వెళ్లిన కొత్తలోనే నా ఫోన్ కిందపడింది. మాద్రిద్‌లోని లావపియేస్ పేటలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. 'పంతాయా' అంటే స్క్రీన్, 'బతెరీయా' అంటే బ్యాటరీ, అన్నీ వచ్చు. షాపతను ఫోన్ అటూ ఇటూ తిప్పి 'ఎన్‌థియెందె?' అన్నాడు. తర్వాత ఛార్జర్ పిన్ను పెట్టే చోట వేలు పెట్టి 'కర్గా?' అన్నాడు. ఆన్ అవుతోందా, ఛార్జ్ ఎక్కుతోందా అని అడిగాడంతే. నేను నేర్చుకున్న మాటల్లో ఆ రెండూ లేవు. నోట మాట రాలేదు.

అందుకని పేరుతోపాటు పని కూడా నేర్చుకో. 'కర్గదోర్' ఛార్జరైతే 'కర్గార్' ఛార్జ్ చేయడం. 'ఎన్‌చూఫె' ప్లగ్గు, 'ఎన్‌చుఫార్' దాన్ని పెట్టడం. 'ఎన్‌థెందేర్' ఆన్ చేయడం, 'అపగార్' ఆపేయడం. 'సె మె ఆ రోతో ఎల్ మోబిల్' అన్న వాక్యం మాత్రం తప్పకుండా నోటికి రావాలి. మనం 'నా ఫోన్ పగిలిపోయింది' అన్నట్టే, ఎవరు పగలగొట్టారన్నది అందులో ఉండదు.

ప్రతి పేరుకీ ముందు ఎల్ (పుంలింగం) లేదా లా (స్త్రీలింగం) కలిపే చదువు. లా పంతాయా, ఎల్ తెక్లాదో (కీబోర్డు). చివర 'ఆ' ఉంది కదా అని నమ్మకు, ప్రొగ్రామా, సిస్తేమా రెండూ ఎల్ వైపే.

మెక్సికో వాళ్ల వీడియోలు చూస్తే సెలులార్, కొంపుతదోరా, మౌస్ అని వస్తాయి. మాద్రిద్‌లో మోబిల్, ఒర్దెనదోర్, రతోన్ అంటారు. రతోన్ అంటే ఎలుకే.

మాటలన్నీ తెలుగు లిపిలోనే రాసుకో. వాళ్ల త, ద మన త, దల్లాగే ఉంటాయి, ట, డ కావు. పాస్‌వర్డ్‌ని 'కొంత్రసేఞా' అంటారు, మనం విడిగా దాదాపు వాడని ఞ అక్కడ పనికొస్తుంది. మెయిల్ ఐడీలో ఎట్ గుర్తుని 'అర్రోబా' అనాలి. అది పాతకాలపు తూకం, సుమారు 11.5 కిలోలు. మీ తాతయ్య చెప్పే మణుగూ దాదాపు అంతే.

ఆదివారం ఫోన్ చెయ్యి. షాపతనిలా నేను అడుగుతాను, నువ్వు జవాబు చెప్పు.

మీ పెద్దమ్మ