హెర్2 "2+" అని వస్తే ఫిష్ తేలేదాకా మందుల లెక్క పూర్తి కాదు

పలాస నుంచి మీరు రాసిన వివరాలు ఇవీ. అమ్మకు 47 ఏళ్లు. 38వ ఏట గర్భసంచి తీయించారు. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు విశాఖలో ఎడమ రొమ్ము, చంకలోని నోడ్స్ (లింఫ్ గ్రంథులు) తీశారు. రిపోర్టులో ఇన్వేసివ్ కార్సినోమా ఎన్ఎస్‌టీ (పక్క కణజాలంలోకి చొచ్చుకెళ్లిన, ఎక్కువగా కనిపించే రకం), గ్రేడ్ 3, సైజు 2.6 సెంటీమీటర్లు, 14 నోడ్స్‌లో 2 పాజిటివ్, ఈఆర్ 80 శాతం, పీఆర్ 40 శాతం, హెర్2 2+, కేఐ-67 35 శాతం అని ఉంది. ఈఆర్, పీఆర్ అంటే క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు. హెర్2 కణాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్. కేఐ-67 విభజన చెందుతున్న కణాల శాతం. స్టేజ్ ఎంత, కీమో తప్పదా, హెర్2 పాజిటివా నెగటివా అని మీరు అడిగారు.

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. తొందర దానికే ఉంది. ముక్కకు రంగు పట్టించి హెర్2 ఎంత ఉందో చూసే ఐహెచ్‌సీ పరీక్షలో వచ్చే మార్కు ఇది. 2+ అంటే పాజిటివ్ కాదు, నెగటివ్ కూడా కాదు. 0, 1+ వస్తే నెగటివ్. పది శాతం కంటే ఎక్కువ కణాల చుట్టూ రంగు గట్టిగా, పూర్తిగా పట్టుకుంటే 3+, అది పాజిటివ్. 2+ లో రంగు పట్టింది గానీ బలహీనంగానో మధ్యస్థంగానో ఉంది. రంగును కంటితో చూసి ఇంతకంటే చెప్పలేరు కాబట్టి జీన్ కాపీలను లెక్కపెట్టాలి. ఆ పరీక్షే ఫిష్. అందులో హెర్2కూ సీఈపీ17కూ (ఆ జీన్ ఉండే 17వ క్రోమోజోమ్ గుర్తు) నిష్పత్తి 2 లేదా అంతకుమించి ఉండి, ఒక్కో కణంలో హెర్2 కాపీలు సగటున 4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పాజిటివ్. నిష్పత్తి 2 కంటే, కాపీలు 4 కంటే తక్కువ ఉంటే నెగటివ్. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చే కేసులు కొన్ని ఉంటాయి. వాటిని రంగు పరీక్షతో కలిపి మళ్లీ లెక్కపెట్టి తేలుస్తారు.

ఇందుకోసం అమ్మకు మళ్లీ సూది గుచ్చక్కర్లేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పెట్టి బ్లాకులుగా దాచి ఉంచుతారు. ఆ బ్లాకు చాలు. ల్యాబ్‌లో అడిగేటప్పుడు "స్లైడ్లు" అని మాత్రమే అనకండి, "ట్యూమర్ ఉన్న పారఫిన్ బ్లాకు, దాని స్లైడ్లు, ఐహెచ్‌సీ స్లైడ్లు" అని అడగండి. బ్లాకు మీద గీసిన నంబరూ రిపోర్టులోని నంబరూ ఒకటేనో కాదో అక్కడే చూసుకోండి. రంగేసిన స్లైడు మాత్రమే తీసుకెళ్లి, బ్లాకు కోసం పలాస నుంచి మళ్లీ విశాఖ వెళ్లాల్సి వస్తే ఒక వారం పోయినట్టే. బ్లాకును బస్సులో ఇంజిన్ పక్క సంచిలోనో, ఎండలో కారు అద్దం దగ్గరో పెట్టొద్దు, మైనం మెత్తబడి ముక్క చెడుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది మధ్య పెట్టి చేతిలో పట్టుకెళ్లడం మేలు.

రిపోర్టు నమ్మొచ్చా అన్న సందేహం మీకు వస్తే చూడాల్సింది ఫిక్సేషన్, అంటే తీసిన ముక్క చెడకుండా ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన తీరు. తీసిన రొమ్మును గంటలోపు పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వెయ్యాలి, 6 నుంచి 72 గంటల లోపు అందులో ఉంచాలి. ముక్క పరిమాణానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. పెద్ద రొమ్మును కొయ్యకుండా చిన్న సీసాలో కుక్కితే మందు లోపలికి ఇంకేలోపే మధ్యలోని గడ్డ పాడవుతుంది. అప్పుడు నిజంగా ఈఆర్ ఉన్నా "నెగటివ్" అని వస్తుంది. సెలైన్‌లో వేసి ఊరు దాటించడం ఇంకా ఘోరం. మీ అమ్మ రిపోర్టులో ఈఆర్ 80 శాతం బలంగా పట్టింది కాబట్టి ఆ విషయంలో కొంత ధైర్యంగా ఉండొచ్చు. అసలు అన్నీ నెగటివ్ అని వచ్చినవాళ్లే, ముఖ్యంగా గ్రేడ్ 1 కి కూడా నెగటివ్ అని వస్తే, బయాప్సీ బ్లాకు మీద తప్పకుండా మళ్లీ చేయించుకోవాలి.

ఇక స్టేజ్. సైజు 2 దాటి 5 సెంటీమీటర్ల లోపు ఉంటే టీ2. ఒకటి నుంచి మూడు నోడ్స్ అయితే ఎన్1. ఒళ్లంతా పాకలేదని అనుకుంటే టీ2 ఎన్1 అంటే 2బీ. గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. ఈ రెండింటినీ కలిపేసి "గ్రేడ్ 3 అంటే మూడో స్టేజ్" అని భయపడే ఇళ్లు చాలా ఉన్నాయి. కణాలు గొట్టాల్లా ఏర్పడటం, కేంద్రకం ఆకారం, విభజన వేగం, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు వేసి కలుపుతారు. 8, 9 వస్తే గ్రేడ్ 3. కేఐ-67 మాత్రం ల్యాబ్‌ను బట్టి మారే అంకె, దాని మీద ఒక్కదాని మీదే ఏ నిర్ణయమూ నిలబెట్టకండి. మీ కేసులో అది గ్రేడ్ చెప్పిన మాటే మళ్లీ చెబుతోంది.

కీమో తప్పదా అంటే, 47 ఏళ్లు, గ్రేడ్ 3, నోడ్స్ పాజిటివ్, ఈ మూడూ కలిసినచోట తప్పదనే నేను చెబుతాను. హెర్2 నెగటివ్ అయితే సాధారణంగా ఏసీ (అడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు కీమో మందులు) నాలుగు విడతలు, ఆ తర్వాత వారానికోసారి పాక్లిటాక్సెల్ 12 సార్లు. పాజిటివ్ అయితే దానికి తోడు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్, మూడు వారాలకోసారి, మొత్తం ఒక ఏడాది. నోడ్స్ పాజిటివ్ కాబట్టి అలాంటిదే మరో మందు పెర్టుజుమాబ్ కూడా కలుపుతారా అని అడగొచ్చు, ఖర్చు బాగా పెరుగుతుంది. ట్రాస్టుజుమాబ్‌కు ముందు ఎకో (గుండె స్కాన్), తర్వాత మూడు నెలలకోసారి ఎకో ఉండాలి. గుండె మీద భారం పడుతుంది కాబట్టి ఏసీలోని అడ్రియామైసిన్‌తో కలిపి దాన్ని ఇవ్వరు, పాక్లిటాక్సెల్‌తో మొదలుపెడతారు. అందుకే ఫిష్ కాస్త ఆలస్యమైనా ఏసీ మొదలుపెట్టే వీలుంది. ఆపరేషన్ నుంచి నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలవ్వాలి. మూడు నెలలు దాటనివ్వొద్దు.

కీమో అయ్యాక రేడియేషన్. రొమ్ము మొత్తం తీసేసినా, రెండు నోడ్స్, గ్రేడ్ 3, ఈ వయసు అంటే చాలావరకు సిఫార్సు చేస్తారు. ఇప్పుడు 15 విడతలు, మూడు వారాలు సరిపోతున్నాయి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖలో మరోచోటో, రోజూ వెళ్లిరావడం కుదరదు గనుక గది సంగతి ముందే చూసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వెళ్తున్నట్టయితే ఫిష్ ఖర్చు, ట్రాస్టుజుమాబ్ ఏడాది మొత్తం, ఏవి ప్యాకేజీలో ఉన్నాయో వైద్యమిత్రను మొదటిరోజే అడగండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. అమ్మకు నెలసరి రావట్లేదు, కానీ అది మెనోపాజ్ అని ఎవరూ చెప్పలేరు. మన జిల్లాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎంతోమంది. అండాశయాలు లోపలే ఉంటే అవి ఇంకా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంటాయి. ఈఆర్ ఉన్న క్యాన్సర్‌కు ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ బిళ్ల ఇస్తారు, కానీ అలాంటప్పుడు అది ఒక్కటే ఇస్తే పనిచేయదు. పాత ఆపరేషన్ డిశ్చార్జి చీటీ వెతకండి. అందులో "టీఏహెచ్" (గర్భసంచి తీసే ఆపరేషన్) అని మాత్రమే ఉంటే అండాశయాలు తీయకపోయి ఉండొచ్చు, "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంటే అండాశయాలు రెండూ తీశారు. చీటీ లేకపోతే స్కానింగ్‌లో చూడమనండి, రక్తంలో ఎస్ట్రడయాల్, ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ల పరీక్షలు చేయించండి. ఈ రెండు రక్తపరీక్షలూ కీమోకి ముందే చేయించాలి. కీమో అండాశయాలను తాత్కాలికంగా నిద్రపుచ్చుతుంది, ఆ తర్వాత వచ్చే అంకె మెనోపాజ్ అని మోసం చేస్తుంది.

అండాశయాలు పనిచేస్తుంటే దారులు రెండు. ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ బిళ్ల రోజుకు 20 మిల్లీగ్రాములు, లేదా అండాశయాలను ఆపి లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు. ఆపడానికి 28 రోజులకోసారి గోసరిలిన్ ఇంజెక్షన్ లేదా చిన్న కోతతో వాటిని తీయించడం. మీ అమ్మ పరిస్థితికి రెండో దారి వైపే నేను మొగ్గుతాను, ఎముకల బలానికి డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డీతో కలిపి. టామోక్సిఫెన్‌తో వచ్చే గర్భసంచి పొర క్యాన్సర్ భయం ఆవిడకు లేదు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే భయం మాత్రం ఉంటుంది. బిళ్ల కనీసం ఐదేళ్లు. హెర్2 నెగటివ్ అని తేలితే కణవిభజనను ఆపే అబెమాసిక్లిబ్ బిళ్ల గురించి కూడా అడగండి, గ్రేడ్ 3తో రెండు నోడ్స్ ఉన్నవాళ్లు దానికి సరిపోతారు, రెండేళ్లు వాడాలి, విరేచనాలు ఎక్కువ. 50 ఏళ్ల లోపు కాబట్టి రక్తంతో బీఆర్‌సీఏ (వంశపారంపర్యంగా వచ్చే జీన్ లోపం) పరీక్ష కూడా. అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు ఆ సమాధానం అవసరం.

జీడిపిక్కల పని చేస్తారని రాశారు. ఎడమ చంకలో నోడ్స్ తీశారు కాబట్టి ఆ చేతికి జీడి నూనె కాలినా, గాయమైనా ఎర్రబడి వాచిపోవచ్చు. చేతి తొడుగులు లేకుండా పనికి పంపకండి. కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించి ఇంట్లో పడుకోబెట్టొద్దు. అదే గంటలో శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రికైనా (రిమ్స్) తీసుకెళ్లి, ఏ రోజు ఏ కీమో ఎక్కించారో ఉన్న కాగితం చూపించి, ముందు తెల్లరక్తకణాల లెక్క చూడమనండి.