అయిదో నెలలో మలేరియా పాజిటివ్ వచ్చింది, మాత్రలు వేసుకుంటే కడుపులో బిడ్డకి ప్రమాదమా?

ముందు మీరడిగినదానికి సమాధానం చెప్పేస్తానండి. మాత్రలు వెయ్యాలి, ఇవాళే మొదలుపెట్టాలి, రెండో రోజుకి జ్వరం దిగిపోయినా కోర్సు మొత్తం పూర్తిచెయ్యాలి. చింతపల్లి దగ్గర ఉద్యోగం, మీ ఆవిడకి అయిదో నెల, పీహెచ్‌సీలో టెస్టు చేసి మలేరియా అని మాత్రలిచ్చారు, కడుపుతో ఉన్నప్పుడు వేడి మందులు పడితే బిడ్డకి తగుల్తాయని మీ అత్తగారు ఆపించారు, ఇదే కదా మీరు రాసింది. మా అమ్మా సరిగ్గా ఇదే మాట అంది. పెద్దవాళ్ళ భయం ప్రేమతోనే, కానీ ఇక్కడ బిడ్డని దెబ్బతీసేది మందు కాదు, రక్తంలో ఉన్న ఆ క్రిమి.

నేను డాక్టర్ని కాదు, నాకు జరిగింది, అప్పుడు డాక్టర్లూ మా ఏఎన్‌ఎం గారూ విడమర్చి చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది రాస్తున్నా. మా ఆయనకి పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో టీచర్ పోస్టింగ్, నేను కోనసీమ నుంచి అక్కడికెళ్ళినదాన్ని, మొదటి కాన్పు, ఆరో నెల నడుస్తుండగా వానల్లో చలిజ్వరం పట్టుకుంది, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. కిట్ టెస్టులో ఫాల్సిపేరం వచ్చింది, అంటే మలేరియాలో ప్రమాదకరమైన రకం. మైదానం నుంచి వెళ్ళిన నాలాంటివాళ్ళకి ఒంట్లో మలేరియాని తట్టుకునే శక్తి ఏమీ ఉండదట, అందులో కడుపుతో ఉంటే జబ్బు ఇంకా ముదురుద్దట. మీ ఆవిడ కూడా బయటనుంచి వచ్చినవాళ్ళే అయితే అసలు ఆలస్యం చెయ్యకండి.

బిడ్డకి ఎలా తగులుద్దో చెప్తా, ఇది తెలిస్తే మీ అత్తగారికి చెప్పడం తేలికవుద్ది. ఫాల్సిపేరం క్రిమి పట్టిన ఎర్ర రక్తకణాలు మాయకి అతుక్కుని అక్కడ పేరుకుపోతాయి. బిడ్డకి ఆహారం, ఆక్సిజన్ వెళ్ళేది మాయ ద్వారానే కదా, అక్కడ వాపు వచ్చి అడ్డుపడితే బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది. ఇంకోపక్క తల్లి రక్తం తగ్గిపోతుంది. దాంతో నెలలు నిండకుండా కాన్పు రావడం, బిడ్డ రెండున్నర కేజీల కంటే తక్కువ బరువుతో పుట్టడం, మరీ అశ్రద్ధ చేస్తే గర్భం పోవడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం దాకా వెళ్ళొచ్చు. ఒక్కోసారి తల్లికి జ్వరమే ఉండదు, వేలి నుంచి రక్తం తీసి మైక్రోస్కోపులో చూసే రక్తపూతలో కూడా ఏమీ కనపడదు, మాయలో మాత్రం క్రిములు దాక్కుని ఉంటాయి. అందుకే జ్వరం తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపకూడదు.

నాకిచ్చింది ఆర్టీసునేట్, ఎస్‌పీ (సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మాత్ర) ఉండే ప్యాకెట్, మూడు రోజులది. మొదటి మూడు నెలలు దాటాక ఇది వాడొచ్చని చెప్పే ఇచ్చారు. మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఏ మందో డాక్టరే చూసి రాయాలి, ఒకప్పుడు క్వినైనే ఇచ్చేవాళ్ళు, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్టిమెథర్ లూమెఫాంట్రిన్ మాత్రలు మొదటి మూడు నెలల్లో కూడా ఇవ్వొచ్చని చెప్పింది. మలేరియాలో ఇంకో రకం ఉంది, వైవాక్స్ అని, అదయితే క్లోరోక్విన్ ఇస్తారు, అది గర్భంలో ఎప్పుడైనా వాడేదే. ప్రైమాక్విన్ మాత్రం గర్భిణికి అస్సలు వెయ్యకూడదు. పక్కింటివాళ్ళకి మలేరియా వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు ఉన్నాయి కదా అని తెచ్చి వేసేస్తుంటారు ఏజెన్సీలో, వాటిలో ప్రైమాక్విన్ ఉండొచ్చు, దయచేసి ఆ పని చెయ్యకండి. ప్రైమాక్విన్ లేకుండా వైవాక్స్ లివర్లోంచి పూర్తిగా పోదు కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్ళీ జ్వరం రావొచ్చు, వస్తే మళ్ళీ టెస్టు చేయించాలి.

ఇంకోటి, చాలామంది చెప్పరు ఇది. ప్యాకెట్లో ఎస్‌పీ ఉంటే, మీ ఆవిడ వాడే ఫోలిక్ యాసిడ్ 5 ఎంజీదేమో చూడండి, అంత డోసు ఎస్‌పీ పనిని తగ్గించేస్తుంది. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ అర ఎంజీయే, దానితో ఇబ్బంది లేదు. బయట మెడికల్ షాపులో కొన్నది అయితే డాక్టరుకి చూపించి అడగండి.

మాత్ర వేశాక అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ వెయ్యాలని నాకు చెప్పారు, మీరూ మాత్రలిచ్చినవాళ్ళని ఇది అడిగి పెట్టుకోండి. ఖాళీ కడుపుతో ఉంచొద్దు, ఫాల్సిపేరంలో గర్భిణులకి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, గంజి, జావ, ఏది ఇమిడితే అది కొంచెం కొంచెంగా పట్టండి. మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, ఫిట్స్, ఆయాసం, మూత్రం నల్లగా రావడం, ఏదీ నిలవకుండా వాంతులు, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఒక్కటి కనపడినా మాత్రలతో కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, రాత్రయినా సరే. వానాకాలం దారులు ఎలా ఉంటాయో మీకు తెలుసు, డోలీలో మోసుకురావాల్సిన ఊరయితే ముందే కిందకి దిగి రోడ్డు పాయింటుకి దగ్గర్లో ఉండటం మంచిది.

నా జ్వరం నాలుగో రోజుకి పూర్తిగా పోయింది, కానీ కథ అక్కడితో అయిపోలేదు. హిమోగ్లోబిన్ ఏడు దగ్గరికి పడిపోయింది, సూది ద్వారా ఐరన్ ఎక్కించారు, తర్వాత స్కాన్‌లో బిడ్డ నెలకి తగ్గట్టు పెరగట్లేదన్నారు. పాప కొన్ని వారాలు ముందే పుట్టింది, 1.9 కేజీలు. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిపిల్లల ప్రత్యేక వార్డులో పెట్టి, తర్వాత నా గుండెల మీద పడుకోబెట్టుకునే కంగారూ కేర్ నేర్పించారు, నేనూ మా ఆయనా వంతులేసుకుని చేసేవాళ్ళం, నా పాలే పిండి పట్టేవాళ్ళం. ఇప్పుడు బడికెళ్తోంది, ఆరోగ్యంగా ఉంది. మీకు ఇలాగే జరుగుద్దని కాదు, అయిదో నెలలోనే దొరికింది, చాలా టైముంది. కాకపోతే జ్వరం పోయాక కూడా హిమోగ్లోబిన్, బిడ్డ బరువు చూపించే స్కాన్ వదలకండి. మళ్ళీ టెస్టు చేసేటప్పుడు కిట్ కాకుండా రక్తపూత అడగండి, మందు పనిచేసినా కిట్ కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపిస్తూనే ఉండొచ్చు, అది చూసి అనవసరంగా హడలిపోతాం.

కాన్పు అప్పుడు ఆసుపత్రిలో ఈ గర్భంలో మలేరియా వచ్చిందని గట్టిగా చెప్పండి, మదర్ కార్డు మీద రాయించండి. అరుదుగా తల్లి నుంచి బిడ్డకి కూడా క్రిమి వెళ్తుంది, పుట్టిన మొదటి కొన్ని వారాల్లో జ్వరం, పాలు తాగకపోవడం, పాలిపోవడం, పచ్చకామెర్లు కనపడితే మామూలు ఇన్ఫెక్షన్ అనుకుంటారు, తల్లికి మలేరియా వచ్చిందని తెలిస్తే బిడ్డ రక్తం కూడా టెస్టు చేస్తారు. తల్లిపాల వల్ల మలేరియా రాదు, ముర్రుపాలు ఆపొద్దని మీ అత్తగారికి ఇప్పట్నుంచే చెప్పి ఉంచండి.

ఆఫ్రికా దేశాల్లో జ్వరం లేకపోయినా గర్భిణులకి ముందుజాగ్రత్తగా ఎస్‌పీ ఇస్తారు, మన దగ్గర ఆ పద్ధతి లేదు, కాబట్టి దోమతెర, జ్వరం రాగానే టెస్టు, మనకున్నవి ఇవే. మందు పట్టిన దోమతెరని ఎండలో ఆరేస్తే మందు పోతుంది, నీడలో ఆరెయ్యండి, సాయంత్రం చీకటి పడ్డాక వాకిట్లో ఎక్కువసేపు కూర్చోనివ్వకండి.

టెస్టు చీటీ మీద పీఎఫ్ (ఫాల్సిపేరం) అని ఉందో పీవీ (వైవాక్స్) అని ఉందో, హిమోగ్లోబిన్ ఎంతో చూసి కింద రాయండి. మీ అత్తగారు ఇంకా ఒప్పుకోకపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎం గారినో ఇంటికి పిలిచి వాళ్ళ చేత చెప్పించండి, మా అమ్మ నా మాట వినలేదు గానీ ఏఎన్‌ఎం గారు వచ్చి పక్కన కూర్చుని చెప్తే ఆ రాత్రే తనే మాత్రలు తీసి చేతికిచ్చింది.