స్టీరింగ్ పట్టుకున్నాక ఫోన్ సంగతి: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అప్పలరాజుకి మావయ్య ఆశీస్సులు.

అల్లుడూ, కారు చేతికొచ్చిందని, వచ్చే వారం నుంచి క్యాబ్‌కి తిప్పుతావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గేర్లూ బ్రేకులూ నీకు నేను నేర్పక్కర్లేదు, నీ చెయ్యి మంచిదే. నాకున్న టెన్షన్ అంతా నీ ఫోన్ గురించే. ఆర్టీసీలో బండి ఎక్కేముందు నేను ఫోన్ తీసి కండక్టర్‌కి ఇచ్చేసేవాణ్ని, దిగాకే మళ్లీ చూసుకునేవాణ్ని. నీకు ఆ వీలు లేదు. బుకింగ్ అందులోనే వస్తుంది, దారి అందులోనే చూడాలి, ఓటీపీ అందులోనే కొట్టాలి, డబ్బులూ అందులోనే పడతాయి. అది లేకుండా నీ పని సాగదు కాబట్టి, దాన్ని ఎప్పుడు ముట్టుకోవాలో ఎప్పుడు ముట్టుకోకూడదో ముందే తేల్చుకుని రోడ్డెక్కు.

ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే స్టాండులో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 2019లో దాన్ని సవరించినప్పుడు 184వ సెక్షన్‌లో ప్రమాదకరంగా నడపడం అంటే ఏమిటో విడమరిచి రాశారు. రెడ్ లైట్ దాటిపోవడంతో పాటు, ఫోన్ చేత్తో పట్టుకుని వాడుతూ నడపడాన్నీ అందులో చేర్చారు. మొదటిసారైతే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పుకి దొరికితే 10,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ.

జరిమానా కంటే నువ్వు భయపడాల్సింది లైసెన్సు గురించి. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది, ఫోన్ వాడుతూ నడిపినవాడి లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యమని. జరిమానా ఎలాగోలా కట్టేస్తావు. మూడు నెలలు కారు ఇంటి ముందు పెట్టుకుని కిస్తీ ఎక్కడి నుంచి తెస్తావు? సొంత కారులో ఆఫీసుకి వెళ్లేవాడికి అది ఇబ్బంది. నీకు మాత్రం అన్నం.

మరి మ్యాప్ మాటేమిటంటావు. దానికి వీలుంది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చు, అదీ డ్రైవర్ ధ్యాస చెదరకుండా. ఆ చివరి మాట గట్టిగా గుర్తుపెట్టుకో. హోల్డర్‌లో ఉన్న ఫోన్ గొంతు వింటూ నడపడం వేరు, నడుస్తున్న బండిలో అడ్రసు టైప్ చెయ్యడం వేరు. ఆ నిబంధనలతోనే ఇంకో మేలు కూడా జరిగింది. లైసెన్సు, ఆర్సీ లాంటి కాగితాలు డిజిలాకర్ యాప్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపించినా చెల్లుతాయి. పోలీసు చెయ్యి ఎత్తితే పక్కకి తీసి, బండి ఆపి, అప్పుడు ఫోన్ తియ్యి.

ఇక అసలు పని దగ్గరికి వద్దాం. నడుస్తుండగా బుకింగ్ మోగితే వేలు దానంతటదే స్క్రీన్ మీదకి పోతుంది. పోనివ్వకు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే బండి 33 మీటర్లు వెళ్లిపోతుంది, మూడు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. అంత దూరం రోడ్డు చూడకుండా పోతావా, అదీ మన విశాఖలో హనుమంతవాక దాటాక ఎండాడ వైపు, జనం హైవేకి అడ్డంగా దాటే చోట? ఆ బుకింగ్ పోతే ఇంకోటి వస్తుంది. ఒక ట్రిప్ దించగానే ఎక్కడైనా నీడన పక్కకి ఆపి, అక్కడ కూర్చుని తర్వాతి బుకింగ్ చూసుకో. డీజిలూ మిగులుతుంది, నడుమూ కాస్త తేరుకుంటుంది.

బుకింగ్ ఒప్పుకున్నాక, బండి కదిలించే ముందే కస్టమర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. ఆర్టీసీ కాంప్లెక్స్ అంటే లోపలా, బయటా, ఏ గేటు దగ్గర? బీచ్ రోడ్డు అంటే ఆర్కే బీచ్ దగ్గరా, రుషికొండ దగ్గరా? మద్దిలపాలెం అంటే జంక్షన్‌కి ఏ వైపు? ఆ ఒక్క నిమిషం ముందే ఖర్చు పెడితే దారిలో "ఎక్కడున్నావ్ భయ్యా" అనే కాల్స్ సగం రావు. వచ్చినవి మోగనీ. తప్పదనిపిస్తే పక్కకి తీసి, ఇండికేటర్ వేసి, ఆగి మాట్లాడు. సిగ్నల్ దగ్గర ఆగావు కదా అని ఫోన్ తియ్యకు. అక్కడ నువ్వింకా డ్రైవింగ్‌లో ఉన్నట్టే లెక్క. పచ్చ లైటు పడ్డాక వెనక హారన్లు మోగితే, ముందు ఎవరు దాటుతున్నారో చూడకుండా బండి కదిపేవాళ్లని ఎందరినో చూశాను.

మన ఊళ్లో కొన్నిచోట్ల మ్యాప్‌ని నమ్ముకోవద్దు. ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ మీద ఎటు తిరగాలో అక్కడికి చేరాక చూసుకుందాం అనుకుంటే గొంతు చెప్పేలోపే మలుపు దాటిపోతుంది. అలాంటి చోట్లు ఒక సెలవు రోజు పొద్దున్నే నాలుగుసార్లు తిరిగి కంఠతా పట్టు. మలుపు తప్పితే తప్పింది. స్క్రీన్ వైపు చూడకు, వెనక్కి తియ్యకు, తిన్నగా పో. మ్యాప్ కొత్త దారి చూపిస్తుంది. గాజువాక వైపు ట్రైలర్ల మధ్య, కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీల మధ్య, సింహాచలం ఘాట్ మలుపుల్లో పాట మార్చడం కూడా వద్దు.

బ్లూటూత్ గురించి వాదన వస్తుంది. చట్టంలో చేత్తో పట్టుకున్న ఫోన్ అని ఉంది కదా, చెవిలో పెట్టుకుంటే తప్పేంటి అంటారు. నా మాట మాత్రం అదీ వద్దనే. నడుపుతూ ఫోన్ వాడేవాళ్లకి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేత్తో పట్టుకోకుండా మాట్లాడినా పెద్దగా తేడా లేదని కూడా అదే చెబుతోంది. నేను రోడ్డు మీద చూసిందీ అదే. పక్క సీట్లో కూర్చున్నవాడికి రోడ్డు కనిపిస్తుంది, ముందు ఆవు అడ్డొస్తే వాడే మాట ఆపేస్తాడు. ఫోన్లో ఉన్నవాడికి అవేమీ కనపడవు, వాడు అడుగుతూనే ఉంటాడు, నువ్వు జవాబు వెతుక్కుంటూనే ఉంటావు. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి గానీ ముందున్నది బుర్రకెక్కదు.

నువ్వు జాగ్రత్తగా ఉన్నా ఎదుటివాళ్లు ఉండరు. హెల్మెట్‌లో ఫోన్ దోపుకునేవాళ్లు, మెడ ఒక పక్కకి వంచి భుజంతో ఫోన్ నొక్కిపట్టి బైకు నడిపేవాళ్లు నీకు రోజూ తగులుతారు. అలాంటి మెడ ముందు కనపడగానే వేగం తగ్గించి దూరం జరుగు. వాడికి నీ హారన్ వినపడదని, అద్దంలో నిన్ను చూడడని అనుకునే నడుపు. వాణ్ని తిట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోవద్దు.

దేవుడి దయవల్ల అలాంటిది జరగకూడదు గానీ, తెలిసి ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ క్షణంలో కాల్ నడుస్తోందో లేదో కాల్ రికార్డులు తీస్తే తెలిసిపోతుంది. 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అన్నీ ఫోన్ వల్ల కాదు. అయినా ఆ అంకె చూస్తే, నువ్వు బండి తియ్యబోతున్నావని తెలిశాక నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మీ అమ్మతో నేను మాట్లాడాను. "వాడు ఎత్తకపోతే పడిపోయాడని కాదు, నడుపుతున్నాడని అర్థం" అని చెప్పాను. ఒప్పుకుంది గానీ ఆమె సంగతి నీకు తెలుసు, మూడు సార్లు వరసగా చేస్తుంది. అందుకని భోజనానికి ఆగినప్పుడు ఒకసారి, రాత్రి బండి పెట్టేశాక ఒకసారి నువ్వే ఫోన్ చెయ్యి. ఆ రెండు కాల్స్ తప్పకుండా వస్తాయని నమ్మకం కుదిరితే తనే మధ్యలో చెయ్యడం మానేస్తుంది. కొత్త పెళ్లికూతురికి కూడా ఇదే చెప్పు. నేనైతే పగటిపూట నీకు ఫోన్ చెయ్యను.

ఇంకొకటి. చలానా పడిందంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తే నొక్కకు. అది బ్యాంకు ఖాతా ఊడ్చే మోసం. నిజంగా చలానా ఉందో లేదో పరివాహన్ ఈ-చలానా సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకో, ఉంటే అక్కడే కట్టు.

ఆదివారం కారు తీసుకుని ఇంటికి రా. హోల్డర్ కొనకుండా రా, నా దగ్గర ఒకటి ఉంది. అద్దానికి అడ్డం రాకుండా, తల దించక్కర్లేకుండా ఎక్కడ బిగించాలో నువ్వు సీట్లో కూర్చున్నాక చూసి పెడదాం. మీ అత్త చేపల పులుసు చేస్తానంది.

ఇట్లు,
మీ మావయ్య