గుంజలు పాతింది ఎందుకు రాయలేదు?

నల్గొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పదకొండు పేజీలూ గురువారం అందాయి. ఆ రాత్రి ఒకసారి, మర్నాడు రెండుసార్లు చదివాను. జడ్చర్ల అవతలి పల్లెలో కూర్చుని, ఊరూరా తిరుగుతూ పూల్ టేబుల్ మీద, అంటే కర్రతో బంతులను పాకెట్లలోకి కొట్టే బల్ల మీద, ట్రిక్ షాట్లు ప్రదర్శించే అమెరికా మనిషి మైక్ మాసీ జీవితం రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. ‘మన ఊరి సంగతులు వదిలేసి ఇదెందుకు అంటారేమో’ అని ఉత్తరం చివర భయపడ్డావు. నేను అనను. నలుగురి ముందు తన విద్య చూపించి, మూట సర్దుకుని మరో ఊరి దారి పట్టే మనిషి ఏ దేశంవాడైనా పాలమూరు పిల్లకు పరాయివాడు కాడు.

ఆటైనా అంతే. స్నూకర్, బిలియర్డ్స్ పూల్‌కు దగ్గరి బంధువులే. స్నూకర్ పుట్టింది 1875లో మన జబల్పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో అని చెబుతారు. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యాడు. కాబట్టి మొదటి పేజీలో సంజాయిషీలా ఉన్న పేరా మొత్తం కొట్టేశాను. ఏమీ అనుకోకు.

ఇక అసలు సంగతి. నీ రచనలో కష్టం ఉంది, ప్రేమ ఉంది. అయినా అది ఇంకా నిలబడలేదు. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన తప్పొకటి ముందు చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో పంతులుగా ఉండేవాణ్ని. వేసవి మొదట్లో దొమ్మరాట ఆడే కుటుంబం ఒకటి వచ్చింది. ఆ పేరును తిట్టుగా వాడటం మన సమాజం నేర్చుకున్న చెడ్డ అలవాటు. నేను దాన్ని విద్య పేరుగానే వాడుతున్నాను, నువ్వూ అలాగే వాడు. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో వెదురు గడ పట్టుకుని, ఇంటికప్పు ఎత్తున కట్టిన తాడు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ రాత్రే రాశాను. ఆ పిల్లను దేవకన్యను చేశాను, తాడును ఇంద్రధనుస్సు చేశాను. ఒక పత్రికలో అచ్చయింది కూడా. మరుసటి ఏడాది వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు పత్రిక పట్టుకుని పోయి, ఆ పిల్ల తండ్రికి చదివి వినిపించాను. కదలకుండా చివరిదాకా విన్నాడు. ‘బాగుంది సార్. మరి గుంజలు పాతింది ఎందుకు రాయలేదు?’ అని అడిగాడు.

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు తెల్లవారకముందే ఆయన వెంట వెళ్లాను. ముందు చెప్పులు విడిచి ఆ జాగా అంతా నడిచాడు. గడ్డపారతో నాలుగు చోట్ల పొడిచి మట్టి చేతిలోకి తీసుకుని నలిపాడు. చెల్క నేలయితే, అంటే ఎర్ర ఇసుక నేలయితే, గుంజ పట్టు నిలవదు, లోతుగా తవ్వి చుట్టూ రాళ్లు కూరాలి. నల్లరేగడి ఎండకు గట్టిగా కనిపిస్తుంది కానీ పగులు పక్కన పాతితే బరువు పడగానే ఒరుగుతుంది. ముందు రాత్రి వాన పడి ఉంటే ఎవరెంత బతిమాలినా ఆ రోజు ఆట లేదు. తాడు కట్టాక దాన్ని వేలితో మీటి, చెవి పెట్టి విన్నాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ కట్టాడు. ఎండెక్కేదాకా ఇదే పని. అంతసేపూ నా ‘దేవకన్య’ పక్కనే మూటల మీద తలపెట్టుకుని నిద్రపోతూ ఉంది.

నీ పదకొండు పేజీల్లో బంతులు పాకెట్లలో పడటమే ఉంది. అవి ఎవరు పెడితే అక్కడ నిలిచాయో లేదు. ‘మాంత్రికుడు’ అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది, పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను చూడు. ఆయన మంత్రం వేయలేదమ్మా, అమర్చాడు.

ఆరు బంతులు ఒక్క దెబ్బకు ఆరు పాకెట్లలోకి వెళ్లే షాట్ గురించి రెండు పేజీలు రాశావు. సీతాకోకచిలుక షాట్ అని దానికి పేరు. దాన్ని చూసేవాళ్లకు కర్రతో కొట్టే తెల్ల బంతి కదిలాకే ఆట మొదలవుతుంది. ప్రదర్శకుడికి అప్పటికే చాలా వరకు అయిపోయింది. ఆ బంతులు ఒకదానికొకటి తాకుతూ ఉండాలి, మధ్యలో కాగితం దూరేంత సందు కూడా ఉండకూడదు. తాకి ఉన్న రెండు బంతుల కేంద్రాలను కలుపుతూ గీత గీస్తే, అవతలి బంతి దాదాపు ఆ గీత వెంటే పోతుంది. ఆ గీత పాకెట్ వైపు చూస్తోందా లేదా అన్నదే మొత్తం విద్య. గుడ్డ మీద బంతి జరిగిపోకుండా పైనుంచి మెల్లగా తట్టి కూర్చోబెడతారు. స్థానం మరిచిపోకుండా కాగితపు వలయాలు అంటిస్తారు. వంగి ఒక కన్ను మూసి చూస్తారు, వేలి గోటితో జరుపుతారు, మళ్లీ చూస్తారు. నువ్వు చూసిన వీడియోల్లో ఈ భాగం కత్తిరించి ఉంటారు. నువ్వు రాయాల్సింది ఆ కత్తిరించిన భాగమే.

ఇంకో సంగతి. క్రికెటర్ తన బ్యాట్ వెంట తీసుకుపోతాడు, వీణ వాయించేవాళ్లు తమ వీణ తీసుకుపోతారు. ఊరూరా తిరిగే పూల్ ప్రదర్శకుడు కర్ర తీసుకుపోగలడు కానీ టేబుల్ తీసుకుపోలేడు. టేబుల్ ఆ ఊరివాళ్లది. ఒకచోట గుడ్డ కొత్తది, బంతి జారుతుంది. ఇంకోచోట అరిగి, గాలిలో తేమ ఎక్కి, బంతి మొరాయిస్తుంది. ఒక టేబుల్ కుషన్, అంటే అంచున ఉండే రబ్బరు గట్టు, గట్టిగా తిప్పికొడుతుంది, మరొకటి బంతి వేగాన్ని మింగేస్తుంది. తొమ్మిదడుగుల టేబుల్ ఉంటుందనుకుని పోతే ఎనిమిదడుగులది ఎదురవుతుంది. జనం వచ్చేలోపు ఆ నేల చదువుకోవాలి. చెప్పులు విడిచి నడిచిన ఆ తండ్రి నీకు ఇప్పుడు కనిపిస్తున్నాడా?

ఇదంతా చదివి చెబుతున్నది మాత్రమే కాదు. నీ రచన అందాక శనివారం గడియారం సెంటర్ వైపు వెళ్లి, అక్కడి ఒక పూల్ పార్లర్‌లో గంటకు డబ్బు కట్టాను. పై మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి పెట్టాయి కానీ వెళ్లినందుకు ఎంతో మేలైంది. టేబుళ్లు చూసుకునే కుర్రాడు చాలా ఓపికగా నేర్పాడు. తెల్ల బంతిని కింది భాగంలో కొట్టమన్నాడు. నాలుగైదుసార్లు కర్ర జారిపోయింది. చాక్ రాయలేదని ఆ అబ్బాయే గుర్తు చేశాడు. తోలు కొన మీద చాక్ లేకపోతే పట్టు దొరకదు. చివరికి ఒకసారి సరిగ్గా తగిలింది. బంతి ముందుకు జారుతూనే వెనక్కి తిరుగుతూ పోయింది, ఎదుటి బంతిని గుద్దింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత పిలిచినట్టుగా నా వైపే వెనక్కి వచ్చింది. ఆ ఒక్క క్షణపు ఆగడం ఉంది చూడు, అది నీ రచనలో ఎక్కడా లేదు. ముందుకు పోయే వేగమంతా ఎదుటి బంతికి ఇచ్చేసింది, మిగిలింది సుడి మాత్రమే. గుడ్డ రాపిడి ఆ సుడిని పట్టుకుని బంతిని మెల్లగా వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, అందుకే మొదట అది ఆగినట్టు కనిపిస్తుంది. ఇలా ఒక్కొక్క మెట్టూ విడదీసి రాస్తే చదివేవాళ్లు మరింత ఆశ్చర్యపోతారు. వివరిస్తే అందం పోతుందని భయపడకు.

బంతి ఎత్తును పది భాగాలు చేస్తే, కింది నుంచి ఏడో భాగం దగ్గర కర్ర అడ్డంగా తగిలినప్పుడు బంతి జారకుండా మొదటి నుంచే దొర్లుతుంది. ఈ లెక్కలన్నీ 1835లోనే ఫ్రాన్స్‌లో కోరియాలిస్ రాసిపెట్టాడు. బంగాళాఖాతంలో తుపాను ఎందుకు సుడి తిరుగుతుందో చెప్పేటప్పుడు మన పిల్లలు పాఠాల్లో చదివే పేరు అదే. అంతకుముందు కర్ర కొనకు తోలు తొడిగి బంతికి ఇలాంటి సుడి ఇవ్వడం మొదలుపెట్టింది మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి, అదీ జైలులో ఉన్నప్పుడు అని చెబుతారు. నీ ఐదో పేజీలో ఈ ఇద్దరికీ చోటుంది.

అంకెల విషయంలో మాత్రం కాస్త కఠినంగా చెప్పాలి. వరుసగా 526 బంతులు వేసింది మైక్ మాసీ అని రాశావు. కాదు. అది విల్లీ మోస్కోనీ, 1954లో, ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. అది ట్రిక్ షాట్ కూడా కాదు, ఒక్కటీ తప్పకుండా సాగిన ఆట. ఆయన కూడా ఊళ్లు తిరిగి ప్రదర్శనలు ఇచ్చినవాడే, అది జరిగింది కూడా అలాంటి ప్రదర్శనలోనే. అందుకే నువ్వు పొరబడి ఉంటావు. 1947లో టెనసీలో పుట్టిన మాసీ చేసింది వేరు. 24 గంటల్లో 11,230 బంతులు పాకెట్లలో వేశాడు. ఆ అంకె రాసి ఊరుకోకు. రోజుకు 86,400 సెకన్లు. భాగించి చూడు, ఎనిమిది సెకన్లు కూడా రావు. గడియారం ముందు పెట్టుకుని, ప్రతి ఎనిమిది సెకన్లకు ఒకసారి ఒంగి లేస్తూ పది నిమిషాలు గడుపు. ఆ తర్వాత ఆయన నడుము గురించి, మోచేయి గురించి నువ్వు రాసే వాక్యం వేరుగా ఉంటుంది. దూరంగా పెట్టిన బూటులోకి బంతి ఎగిరి పడేలా కొట్టడం ఆయనకు బాగా పేరు తెచ్చిన షాట్. దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు. చదివే పిల్లలు ముందు అడిగేది దాని గురించే.

తప్పిన షాట్ల సంగతి కూడా రాయి. ఆర్టిస్టిక్ పూల్ అనే ట్రిక్ షాట్ల పోటీల్లో ఒక షాట్‌కు మూడు ప్రయత్నాలు ఇస్తారు, ఆలస్యమైన కొద్దీ మార్కులు తగ్గుతాయి. ఆట నియమాలే తప్పుకు చోటిచ్చాయి, నీ రచన మాత్రం ఇవ్వలేదు. జనం చూస్తుండగా బంతి పాకెట్ అంచున ఆగిపోతే ఆ మనిషి ముఖం ఎలా పెట్టుకుంటాడు, మళ్లీ అమర్చేటప్పుడు వాళ్లకు ఏం చెబుతూ ఉంటాడు? వీడియోలు మళ్లీ చూడు. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

మాటల గురించి ఒక్కటే చెబుతాను. ‘యష్టి’, ‘కందుకం’ తీసేయి. పార్లర్‌లో కుర్రాళ్లు క్యూ అంటారు, బంతి అంటారు, పాకెట్ అంటారు. నువ్వూ అదే అను.

ప్రయాణాన్ని నువ్వు పాటలా రాశావు. ‘దారులన్నీ ఆయన ఇళ్లే’ అన్నావు. తల్లీ, ఆ వాక్యం దగ్గర నాకు బాధ కలిగింది. నీ జిల్లా నుంచి ఎన్ని కుటుంబాలు బొంబాయికి, పుణేకు మట్టి పనికి పోయాయో నీకు తెలుసు. నీ పెదనాన్న పోయాడని నువ్వే నాకు చెప్పావు. రాత్రిపూట బస్టాండులో మూటల మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరినైనా అడుగు, దారి ఇల్లు అవుతుందేమో. ఇష్టపడి తిరిగేవాడికీ గతిలేక తిరిగేవాళ్లకీ చాలా తేడా ఉంది, నేను రెండూ ఒకటనడం లేదు. కానీ కొత్త ఊళ్లో మొదటి రాత్రి పడుకునే చోటు, చేతికి అందిన తిండి, ఇంటి దగ్గర తప్పిపోయిన పండుగ, ఇవి తెలిసినదానివి నువ్వు. ఆయన ఆ రాత్రులు ఎలా గడిపాడో నీకు తెలియకపోతే కల్పించి రాయకు. తెలిసినంత రాయి, కానీ దారిని అలంకరించకు.

ఇక ప్రభావం. చివరి రెండు పేజీలూ గెలిచిన పోటీలు, బిరుదుల జాబితా. అవి ఆయన సంపాదన. ఆయన వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగిలిందో చెబితేనే ప్రభావం రాసినట్టు. గత శతాబ్దం మొదటి సగంలో చార్లీ పీటర్సన్ అని ఒకాయన ఉండేవాడు. ‘నేను కొట్టలేని షాట్ ఏదైనా ఉంటే చూపించండి’ అన్నది ఆయన నినాదం. ఆయన కాలేజీలు తిరిగి, షాట్లు చూపించి, కర్ర ఎలా పట్టుకోవాలో విద్యార్థులకు నేర్పి పోయేవాడు. ఆయన్ని బిలియర్డ్స్ మిషనరీ అన్నది అందుకే. మోస్కోనీ చిన్నప్పుడు తండ్రి టేబుల్ ముట్టుకోనివ్వకపోతే, వంటింట్లో ఆలుగడ్డలు తీసుకుని చీపురు కర్రతో కొట్టి నేర్చుకున్నాడట. కళ చూసిన పిల్లలు ఇంట్లో ఉన్న దానితోనే మొదలుపెడతారు.

ఈ మాట నీకు నేను చెప్పనక్కర్లేదు. తొమ్మిదో పేజీలో నువ్వే రాసి, గమనించకుండా ముందుకు పోయావు: ‘ఈ వీడియోలు చూసి మా తమ్ముడు క్యారం బోర్డు మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుని, అమ్మ చేత తిట్లు తిన్నాడు.’ ఒక్క వాక్యం! నేను అక్కడ ఆగిపోయాను. ఆ చుక్కలు ఏమిటి? కాయిన్లు ఎక్కడ పెట్టాలో గుర్తులు. అక్కడ టేబుల్ మీద అంటించే కాగితపు వలయాలకూ ఈ చుక్కలకూ తేడా ఏముంది? ఆరు పాకెట్ల షాట్‌ను నాలుగు పాకెట్ల బోర్డు మీదికి ఆ పిల్లవాడు ఎలా మార్చుకున్నాడు? ఎన్ని కాయిన్లు పెట్టాడు, స్ట్రైకర్ ఏ మూల నుంచి వదిలాడు, బోరిక్ పౌడర్ ఎక్కువైతే ఏమైంది? టెనసీలో పుట్టిన ఒక మనిషి విద్య పాలమూరులో ఒక ఇంటి వసారాలోకి వచ్చి చేరింది. నీ రచన అక్కడ మొదలవ్వాలి.

నీ కాగితాలు సోమవారం బస్సు పార్సెల్‌లో పంపుతున్నాను. తిరగరాయడానికి తొందరపడకు. వచ్చే ఆదివారం వీలైతే కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా ఉదయం బస్సుకు బయలుదేరి రా. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి పార్లర్‌కు వెళదాం. ఆ కుర్రాడితో చెప్పి ఉంచాను. తమ్ముణ్ని తప్పకుండా వెంటబెట్టుకుని రా, క్యారం బోర్డు కూడా తెమ్మను. ఆ చుక్కలు చెరపవద్దని మీ అమ్మకు నా మాటగా చెప్పు. ఏ చుక్క ముందు పెట్టాడో, ఏది ఎన్నిసార్లు జరిపాడో ఆ పిల్లవాణ్నే అడిగి రాసుకుందాం.

ఇట్లు,
మీ సారు