చిట్టికి, సాంటొరీని వెళ్లేముందు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆగస్టులో ద్రాక్ష కోతలకి నువ్వు గ్రీసు దీవి సాంటొరీని వెళ్తున్నావట, అదీ నేను పనిచేసిన ఆ ఇంటివాళ్ల దగ్గరికేనట. "నువ్వైనా చెప్పన్నయ్యా, ఆడపిల్లకి వైన్ చేసే పనేంటి" అని ఒకటే ఏడుపు. కోప్పడ్డాను. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. నువ్వు తాగుడు నేర్చుకుంటావని దాని దిగులు. (రోజుకి 40 గ్లాసులు పుక్కిలించి ఉమ్మేసే ఉద్యోగంలో తాగుబోతు వారం కూడా నిలవడని దానికెవరు చెప్తారు!) నా దిగులు వేరు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

గర్వంగా కూడా ఉంది, దాచను. నేను ఓడ దిగి, పొట్టకూటికి ఆ దీవిలో ద్రాక్ష గంపలు మోశాను. నువ్వు చదువుకుని, వాళ్లే పిలిస్తే వెళ్తున్నావు. ఆ ఇంటి మనవడు, అప్పట్లో నా భుజాలెక్కి తిరిగిన పిల్లాడు, ఇప్పుడు నీకు బాసు. నవ్వొస్తోంది.

ముందు చిన్న విషయాలు అయిపోనీ. టోపీ, పొడుగు చేతుల చొక్కా, గట్టి బూట్లు. కుళాయి నీళ్లు తాగకు. ఒప్పందం కాగితం మీద రాయించుకో, ఎన్సిమా, అంటే నీ బీమా సొమ్ము, కడుతున్నారో లేదో నెలనెలా చూసుకో. మంచివాళ్లే కదా అని ఊరుకోకు, మంచివాళ్లకే మతిమరుపెక్కువ. తిండికి బెంగ లేదు. ఫావా అని పసుప్పచ్చటి ముద్దపప్పు పెడతారు, పైన ఉల్లిపాయ ముక్కలూ ఆలివ్ నూనే వేసి. ఆవకాయ ఒక్కటి తీసుకెళ్తే చాలు.

తోట చూడగానే నీ ప్రాణం ఉసూరుమంటుంది. పందిళ్లూ రాటలూ ఏమీ ఉండవు. బూడిదరంగు నేల మీద ఎవరో చుట్టకుదుళ్లు విసిరేసి పోయినట్టు ఉంటుంది. అవే చెట్లు. తీగల్ని ఏటా చలికాలంలో గుండ్రంగా అల్లుతారు, కులూరా అంటారు. గుత్తులు ఆ గంప లోపల, నేలకి దగ్గరగా దాక్కుని పండుతాయి. వేసవిలో ఉత్తరం నుంచి కొట్టే మెల్తేమి గాలికి బయట కాసిన కాయ ఒక్కటి మిగలదు మరి. వాన సంగతి అడక్కు. రాత్రిళ్లు సముద్రం మీంచి వచ్చే తేమని ప్యూమిస్ అనే తేలికపాటి బోలురాయి పీల్చుకుని దాచిపెడుతుంది, చెట్టు దాంతోనే బతుకుతుంది. బంకమన్ను లేని అగ్నిపర్వతపు నేల కావడంతో, 19వ శతాబ్దంలో ఐరోపా తోటల్ని తినేసిన ఫిలాక్సెరా పురుగు అక్కడ నిలదొక్కుకోలేకపోయింది. అందుకే అక్కడి చెట్లకి అంటు లేదు, సొంత వేళ్ల మీదే ఉన్నాయి. కాపు తగ్గితే మోడు దాకా కోసేస్తారు, పాత వేరే మళ్లీ చిగురేస్తుంది. పైన చెట్టు వయసు చెప్పగలరేమో గానీ కింద వేరు వయసు ఎవరూ చెప్పలేరు.

అలాంటి మోడు మీద మొదటి రోజే కూర్చున్నాను. ఇంటి పెద్దావిడ, మేమంతా యాయా అనేవాళ్లం, ఖాళీ గంపతో వీపు మీద ఒక్కటేసింది. "మా ముత్తాత మీద కూర్చున్నావురా" అంది. నువ్వు కూర్చోకు.

అసీర్తికో ద్రాక్ష గురించి నీకు నేను చెప్పేదేముంది. సాంటొరీని పేరు వేసుకోవాలంటే సీసాలో కనీసం 75 శాతం అదే ఉండాలి, 1971 నుంచి ఆ పేరుకి చట్టం ఉంది. మిగతాది అతీరి, ఐదానీ ద్రాక్షలు. అంత ఎండలో పండినా పులుపు దిగని పండు అది, దాని ధైర్యమంతా పులుపులోనే. కానీ రసం మాత్రం మహా సుకుమారం. వంకాయ కోసి గాలికి వదిలేస్తే నల్లబడ్డట్టు, ఇదీ గాలి తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది. వంకాయకి ఉప్పునీళ్లు ఎలాగో దీనికి చలీ, కాస్త సల్ఫరూ అలాగ. ట్యాంకులో వెలితి ఉంచకు. డ్రై వైన్‌కి, అంటే తీపి లేనిదానికి, ఇంతకంటే నేను చెప్పేది లేదు, మిగతాది మీ మెషీన్లు చూసుకుంటాయి.

నిక్తేరి అనే వైన్‌కి గ్రీకు పేరులోనే రాత్రి ఉంది. పగలు కోసిన పండంతా తెల్లారేలోపు తొక్కి పిండాలని పాతకాలం పద్ధతి. ఇప్పుడు కూలింగ్ ఉంది కాబట్టి ఆ హడావుడి లేదు. 13.5 శాతానికి తగ్గని ఆల్కహాల్, కనీసం 3 నెలలు పీపాలో, ఈ రెండూ రూలు. ఆ రాత్రులు నాకిప్పటికీ కలలోకొస్తాయి. మోకాళ్ల దాకా రసం, యాయా పాటలు, కాళ్ల సందుల్లో కందిరీగలు.

విన్‌సాంటో అనే తీపి వైన్ దగ్గర నువ్వు వాళ్లకే పాఠం చెప్పొచ్చు. వడియాలు పెట్టిన ఇంటి పిల్లవి. గుత్తుల్ని వారం నుంచి రెండు వారాలు ఎండలో పరిచి, మధ్యలో తిరగేస్తూ ఎండబెట్టడమే. అమ్మమ్మ మేడ మీద గొడుగేసుకుని కాకుల్ని తోలుతూ కూర్చునేది చూడు, సరిగ్గా అదే పని. ఎండిన పండు పిండితే పాకంలాంటి రసం వస్తుంది. పీపాలో 2 ఏళ్లు తప్పనిసరి, చాలామంది ఇంకా ఎక్కువే ఉంచుతారు. తీపి అంత చిక్కగా ఉంటే ఈస్ట్‌కి ఆయాసం వచ్చేస్తుంది. డ్రై వైన్ పులియడం అయిపోయి, కోతలవాళ్లు వెళ్లిపోయి, పని ముగిసిందనుకుంటారు అందరూ. మూలనున్న విన్‌సాంటో పీపాలు మాత్రం నెమ్మదిగా పొంగుతూనే ఉంటాయి.

ఇప్పుడు నా దిగులు చెప్తాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

1993 సెప్టెంబరు, నా రెండో పంట. మాది మెగాలోఖోరి అనే ఊళ్లో పాత కనావా. కనావా అంటే గట్టిపడ్డ బూడిదకొండలోకి తవ్విన గుహ, ఒకటే తలుపు. ఆ తలుపు కింద బెత్తెడు సందు ఉండేది. ఆ వారం గాలి ఆగకుండా కొట్టి, ఆ సందులోంచి తెల్లటి దుమ్ము తోస్తోంది. కొత్త రసంలో దుమ్ము పడుతోందని, ఎవరూ చెప్పకుండానే, తడి గోనెపట్టా తెచ్చి ఆ సందులో కుక్కాను. పైగా మంచి పని చేశానని సంబరం. ఆ సందు ఎందుకు వదిలారా అని ఒక్క క్షణం ఆలోచించలేదు.

రసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మా బడిలో దాన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. ఒక లీటరు ద్రాక్షరసం పూర్తిగా పులిసేసరికి 50 లీటర్లకు పైగా వాయువు వదులుతుంది. వెయ్యి లీటర్లకి ఎంతో లెక్కేసుకో, ఒక గది నిండుతుంది. అది నేల మీద నీళ్లలా పారి బయటికి పోయే తూము ఆ బెత్తెడు సందే. నేను తూముకి బిరడా పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఆదివారం. మధ్యాహ్నం భోంచేసి అందరూ పడుకున్నారు. కనావాలోకి ఒక్కడివీ వెళ్లొద్దని యాయా వందసార్లు చెప్పింది. కానీ నేను పనిమంతుణ్ణని చూపించుకోవాలి కదా! తొక్కిన రసం దిగే గుంట ఒకటి లోపలి చివర ఉంటుంది, దాన్ని కడిగేద్దామని బయల్దేరాను. అప్పటికీ జాగ్రత్త పడ్డాననే అనుకున్నాను. మన ఊళ్లో పాడుబడ్డ బావిలోకి ఎవరినైనా దించేముందు తాతయ్య ఏం చేసేవాడో నీకూ చెప్పాను, తాడుకి దీపం కట్టి దించేవాడు. ఆరితే దిగొద్దు. అది గుర్తుంచుకునే కొవ్వొత్తి వెలిగించుకుని వెళ్లాను. తాతయ్య దీపాన్ని బావి అడుగు దాకా దించేవాడన్న సంగతి మాత్రం వదిలేశాను. కొవ్వొత్తిని రొమ్ము ఎత్తున్న గూట్లో పెట్టాను. చక్కగా వెలిగింది. గుంట మీదికి వంగాను.

ముక్కులో గోలీసోడా పొంగినట్టు చురుక్కుమంది. గుండె దడదడలాడింది. అంతవరకే నాకు తెలుసు.

తర్వాతిది వాళ్లు చెప్పింది. నాతో పనిచేసే అల్బేనియా కుర్రాడు, నాకంటే రెండేళ్లు చిన్న, తలుపు తెరిచి ఉండటం చూశాడు, లోపల నా కాళ్లు చూశాడు, పరుగెత్తుకొచ్చాడు. నన్ను లేపబోయి నా మీదే పడ్డాడు. మూడోవాడు ఇంటి కొడుకు, అతనూ పరుగెత్తాడు. యాయా గుమ్మానికడ్డంగా నిలబడి సొంత కొడుకుని చేతికర్రతో కొట్టి ఆపింది. గాడిదని కట్టే తాడు తెచ్చి నడుముకి కట్టి, ఊపిరి బిగబట్టి వెళ్లి ఒక్కణ్ణే లాక్కురమ్మంది. తాడు కొస తనూ కోడలూ పట్టుకున్నారు. ముందు బయటికొచ్చింది నేను కాదు, నా మీద పడ్డవాడు. నాకోసం ఆ కొడుకు రెండోసారి వెళ్లాడు.

ఇద్దరం బతికాం. నాకు మూడు రోజులు తలనొప్పి, అంతే. ఆ కుర్రాడు మాత్రం మళ్లీ కనావా గడప తొక్కలేదు. తలుపు దగ్గరికొస్తే చెమటలు పట్టేవి. ఆ నెలలోనే లెక్క చూసుకుని ఏథెన్స్ వెళ్లిపోయాడు. పడవ ఎక్కించడానికి కూడా నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? చిరునామా అడగలేదు. ఆ దీవిలో ఇంకా పాతికేళ్లున్నాను, ఏ పడవలోంచి అల్బేనియా కూలీలు దిగినా మొహాలు వెతికేవాణ్ణి.

నన్ను లాగేటప్పటికి కూడా గూట్లో కొవ్వొత్తి వెలుగుతూనే ఉందట.

అందుకే చెప్తున్నాను, దీపాన్ని నమ్మకు, అడుగున పెట్టినా నమ్మకు. గాలిలో ఆ వాయువు 10 శాతం ఉంటే మనిషి నిమిషాల్లో పడిపోతాడు, కొవ్వొత్తి అప్పటికీ వెలుగుతూనే ఉండొచ్చు. ఆ వాయువుని కొలిచే మీటరు కొను. నడుముకి తగిలించుకునేది, కూత పెట్టేది. వాళ్ల దగ్గర ఉందంటారు, బ్యాటరీ అయిపోయి సొరుగులో ఉంటుంది. నీది నువ్వు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను, మీ అమ్మకి చెప్పకు. వంగేముందు మీటర్ని నేలకి దించి చూడు. లోపల ఎవరైనా పడి ఉంటే, అది ఆ మనవడే అయినా సరే, నువ్వు వెళ్లకు. కేకలు పెట్టు. తలుపులు బార్లా తెరువు. 112కి ఫోన్ చెయ్యి. నీకు చేతకాదని కాదు తల్లీ. నీ మనసు నాకు తెలుసు, చిన్నప్పుడు కుక్కపిల్ల కోసం చెరువులోకి దూకినదానివి. నా భయమంతా ఆ దూకుడు గురించే.

మీ అమ్మకి భూకంపాల భయం కూడా పట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ రోజూ భూమి కంపిస్తుంటే వేలమంది పడవలెక్కి వెళ్లిపోవడం టీవీలో చూసిందిగా. నేనూ చూశాను. 1956 జూలైలో వచ్చిన పెద్దదాని సంగతి యాయా చెప్పేది, ఇళ్లు కూలి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయట. చిత్రమేమిటంటే నాకు దాని గురించి అంత టెన్షన్ లేదు. భూమి ఊగితే తల కాచుకోవాలనీ, ఊపు ఆగాక బయటికి రావాలనీ అందరికీ తెలుసు.

ఇంకోటి. సాయంత్రం ఖాళీ దొరికితే పీర్గోస్ అనే కొండమీది ఊరి పైదాకా ఎక్కు. దీవంతా కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి జనమంతా ఇయా అనే ఊళ్లో తోసుకుంటారు, నువ్వు పోకు, ఒళ్లు హూనం. కొత్త విన్‌సాంటో రుచి చూసినప్పుడు తీపి గురించి ఎవరికీ ఏమీ అనకు, పులుపు గురించి అడుగు. ఆ ఇంట్లో నీకు అప్పుడే మర్యాద మొదలవుతుంది.

యాయా పోయి చాలా ఏళ్లయింది. ఆ తాడు మాత్రం కనావా తలుపు పక్కన, కుడివైపు మేకుకి తగిలించేది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. నేను వచ్చేసేనాటికి అక్కడే ఉంది. వెళ్లగానే చూడు. ఉంటే ఫొటో తీసి పంపు. లేకపోతే ఆ మనవడికి నా పేరు చెప్పి, ఆరోజే కొత్తది కట్టించు.

మామయ్య