పొలం వెళ్తే దురద, ఊరు దాటితే మాయం!

ప్రశ్న: మా నాన్నకి 58 ఏళ్లు, మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో వ్యవసాయం. మూడేళ్లుగా వానాకాలం వస్తే చాలు, మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు దురద పెట్టి నల్లగా మందంగా అయిపోతున్నాయి. రక్తం చెడిందని ఎవరో అంటే వంకాయ, గోంగూర, చేపలు అన్నీ మానిపించాం, తగ్గలేదు. మొన్న హైదరాబాద్‌లో నా దగ్గర 20 రోజులుంటే మాత్రం చాలా నయం. ఏం పడట్లేదంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ 20 రోజులే అసలు సంగతి చెబుతున్నాయమ్మా. వంకాయ కూర మళ్లీ వండిపెట్టండి, పాపం దాని తప్పేం లేదు.

నా అనుమానం వయ్యారిభామ మీద. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు కదా, క్యారెట్ ఆకులాంటి ఆకు, సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి పూలు, వాన పడితే గట్ల మీదా రోడ్ల పక్కనా అదే. దాని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలికి లేచి బట్ట లేని చోటల్లా పడతాయి, చెమటకి మడతల్లో అతుక్కుంటాయి. ఎండ సరిపడని వాళ్లకీ ముఖం, మెడ ఇలాగే అవుతాయి గానీ పై రెప్పలు, గడ్డం కింద, చెవుల వెనక మామూలుగా బాగానే ఉంటాయి, అక్కడ నీడ కాబట్టి. దుమ్ముకి నీడేంటి, ఎండేంటి? ఓసారి నాన్నగారి చెవుల వెనక చూడండి, అక్కడా ఉంటే ఎండ కన్నా దుమ్మునే అనుమానించాలి.

ఏళ్లుగా అదే పొలం, ఇప్పుడే ఎందుకంటారా? ఈ రకం అలర్జీ తగిలి తగిలి ఎప్పటికో మొదలవుతుంది. పైగా తగిలిన ఒకట్రెండు రోజులకి గానీ దురద రాదు, అందుకే ఎవరికీ తట్టదు.

చర్మ డాక్టర్‌ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించండి, వీపు మీద చిన్న పట్టీలు అంటించి రెండు రోజులాగి చూస్తారు. ఈలోపు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబ్ ఏదైనా రాస్తుంటే అది కూడా డాక్టర్‌కి చూపించండి, చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, రెప్పల మీద నెలల తరబడి రాస్తే కంట్లో నీటికాసులు రావచ్చు.

పొలానికి నిండు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు, ఇంటికి రాగానే స్నానం. కలుపు మాత్రం పూతకి రాకముందే వేరే ఎవరి చేతైనా గ్లౌజులేసి పీకించండి. అన్నట్టు చామంతి, పొద్దుతిరుగుడు కూడా వయ్యారిభామకి చుట్టాలే, పండక్కి చామంతి దండ గుచ్చే పని నాన్నగారికి అప్పగించకండి.