టెక్ సందేహాలు: టిక్ మంటుంది, స్టార్ట్ కాదు

ప్రశ్న: కళింగపట్నం దగ్గర మాకు చిన్న రిసార్టు ఉంది. కూర్చుని నడిపే గడ్డి కోత మెషిన్ తాళం తిప్పితే ‘టిక్’ మని ఊరుకుంటోంది. బ్యాటరీ పోయిందంటే కొత్తది వేయించాం. రెండు నెలలకే మళ్లీ అదే తంతు. ఇప్పుడు కూడా బ్యాటరీ మార్చాలంటున్నారు. మార్చాలా?

జవాబు: ఆగండి, డబ్బులు తీయకండి. ఆ ‘టిక్’ మీకు చాలా విషయం చెబుతోంది. తాళం నుంచి సోలినాయిడ్ వరకు, అంటే ఇంజిన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారుకి కరెంటు వదిలే స్విచ్చు వరకు, కరెంటు వస్తోంది. అంటే ఫ్యూజు, బ్రేకు పెడల్ స్విచ్చు, బ్లేడు స్విచ్చు బాగానే ఉన్నట్టు. అసలు చప్పుడే లేకపోతే ముందు ఆ మూడింటినీ చూడాలి. మీ తేడా ఆ తర్వాతి మందపాటి వైర్లలోనో, సోలినాయిడ్‌లోనో, బ్యాటరీలోనో ఉంది.

చవక రకం డిజిటల్ మల్టీమీటరు చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు కొనలకీ ఆనించండి. 12.6 చూపిస్తే ఫుల్ ఛార్జి. 12 దగ్గరుంటే ఛార్జి బాగా తగ్గినట్టు. ముందు ఛార్జి పెట్టండి. తర్వాత పార్కింగ్ బ్రేకు వేసి, బ్లేడు ఆపి, ఒకరిని తాళం తిప్పమనండి. రీడింగు 9.6 కంటే కిందకి జారిపోతే బ్యాటరీని అనుమానించొచ్చు. 12కి పైనే ఉండి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే తప్పు బ్యాటరీది కాదు.

మీది సముద్రపు ఊరు కాబట్టి నా అనుమానం మొదట ఎర్త్ వైరు మీదికే, అంటే బ్యాటరీ మైనస్‌ని మెషిన్ ఇనుప బాడీకి కలిపే వైరు మీదికే పోతుంది. వంశధార సముద్రంలో కలిసే చోట ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మైనస్ వైరుని ఛాసిస్‌కి బిగించిన బోల్టు విప్పి చూడండి. పైకి శుభ్రంగా కనిపించినా వాషరు కింద గోధుమరంగు పొర ఉంటుంది. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఆ పొర అడ్డు 0.02 ఓములే అయినా 2 వోల్టులు అక్కడే కరిగిపోతాయి. అందుకే లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు.

విప్పకుండానే తేల్చుకోవాలంటే మీటరు ఒక కొన ఇంజిన్ దిమ్మ మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టి తాళం తిప్పించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ పాడైనట్టే. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా సాండ్ పేపరుతో రుద్ది బిగించండి. బ్యాటరీ కొనల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వంట సోడా నీళ్లతో పాత టూత్ బ్రష్ పెట్టి కడగండి. ఆ నీళ్లు సెల్లులోకి పోనివ్వొద్దు. ఆరాక వాజిలిన్ రాయండి. ఎర్త్ బాగుంటే సోలినాయిడ్ పెద్ద బోల్టులు రెండింటి మధ్య చూడండి. టిక్ మన్నాక కూడా అక్కడ 12 చూపిస్తుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, మార్చాల్సింది అదే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. నేనోసారి తొందరలో ప్లస్ ముందు విప్పాను. స్పానరు బాడీకి తగిలి నీలం రంగు మెరుపు వచ్చింది. ఆ స్పానరు మీద మినపగింజంత నల్ల మచ్చ ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: విజయనగరంలో ఒక కాలేజీ గ్రౌండు పని చూస్తాను. మెషిన్ గుంటల్లో ఎగిరినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోతోంది. సీటు కింది స్విచ్చు వైర్లు కలిపేయమంటున్నారు. కలపొచ్చా?

జవాబు: కలపకండి, బాబూ. మనిషి సీటు మీంచి పడిపోతే ఇంజిన్‌నీ, దాంతో పాటు బ్లేడునీ ఆపేది ఆ స్విచ్చే. పిల్లలు తిరిగే గ్రౌండులో దాన్ని తీసేస్తే నాకు నిద్ర పట్టదు.

ఇలాంటి ఇంజిన్లలో స్పార్కు ఎక్కువగా మాగ్నెటో నుంచి, అంటే ఇంజిన్ తిరుగుతుంటే అయస్కాంతంతో తానే కరెంటు పుట్టించే భాగం నుంచి వస్తుంది, దానికి బ్యాటరీతో పని లేదు. ఆపాలంటే మాగ్నెటో నుంచి వచ్చే సన్నటి వైరుని ఎర్త్ చేస్తారు. బ్లేడు తిరుగుతుండగా సీటు మీద బరువు లేకపోతే స్విచ్చు చేసే పనీ అదే. సీటు స్ప్రింగు వదులైనా, స్విచ్చు కనెక్టరులో మట్టి చేరినా కుదుపుకి సీటు ఖాళీ అయిందనుకుంటుంది. శుభ్రం చేసి, స్ప్రింగు సరిచేసి చూడండి. తగ్గకపోతే స్విచ్చు మార్చేయండి. అప్పటికీ ఆగుతుంటే ఆ సన్నటి వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగులుతోందేమో మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడుముతూ వెతకండి.

ప్రశ్న: మెషిన్ పది రోజులు వాడకపోతే బ్యాటరీ డౌన్. పలాస దగ్గర మా జీడితోటలో గడ్డి కోతకి వాడతాం.

జవాబు: ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. అప్పుడూ 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ ఫ్యూజు, రెగ్యులేటరు, ఫ్లైవీల్ కింది కాయిల్ వరసగా చూపించుకోండి. ఛార్జింగ్ బాగుంటే పని అయ్యాక మైనస్ వైరు విప్పేసి పది రోజులు ఆగండి. అలా విప్పినా డౌన్ అయితే బ్యాటరీ లోపలే తేడా. నిలబడితే ఏదో వైరు కరెంటు తాగుతోంది. షెడ్డులో ఎలుకలుంటే ముందు ఇంజిన్ మూత కింద చూడండి, గూటి కోసం వైరు తొడుగులు కొరికేస్తాయి.